చివరి కిలోమీటరు

కాజీపేటలో నలభై నాలుగు డిగ్రీలు.
కూలరులో నీళ్లు అడుగంటి
పంపు ఒట్టి గాలిని గుటకలేస్తోంది.
నా తెర మీద మంచు కురుస్తోంది.

మంచు అంటున్నాను గాని
నేను ముట్టుకున్నది ఐసు గడ్డనే,
హంటర్ రోడ్డు కార్ఖానా ముందు
పొట్టు కప్పుకుని రిక్షా ఎక్కేది.
ఆకాశం నుంచి దిగే మంచు నాకు
ఒక తేదీ, ఒక అంకె, ఆ అంకెకు వేసిన నీలం.

పని పెద్దదేం కాదు.
ఏడు వందల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహం
దక్షిణ ధ్రువం అంచున ఫలానా చోట
ఇంత పడ్డదంటుంది.
అదే చోట నేల మీద కూర్చుని
మెడ పైకెత్తి చూసే రాడారు ఒకటుంది.
అది ఇంత అంటుంది.
ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి
తేడా పట్టాలి.
ఎనుమాముల మార్కెట్లో మా చిన్నబాపు చేసే పనే ఇది:
అడ్తి వాళ్ల కాంటా ఒకటి, ధర్మకాంటా ఒకటి,
నడుమ చెమట తుడుచుకునే మనిషి ఒకడు.

మూడేళ్లలో రెండు వందల పదహారు సార్లు
ఉపగ్రహం రాడారు నెత్తి మీదుగా పోయింది.
చాలాసార్లు ఒక్క మాట మీదే ఉన్నారు.
జులై పదకొండున చెడింది.
ఉపగ్రహం: మూడు మిల్లీమీటర్లు.
రాడారు, పై అంతస్తుల్లో: అవును, మూడు.
దిగుతూ దిగుతూ రెండు, ఒకటి, అర.
నేలకు మూడు వందల మీటర్ల ఎత్తున
సున్న.

ఆ చివరి కిలోమీటరు ఉపగ్రహానికి కనపడదు.
నేల నుంచి తిరిగొచ్చే మోత
దాని చెవులు కమ్మేస్తుంది.
పైన చూసిందే కిందా ఉందని నమ్ముతుంది పాపం.
కింద, పీఠభూమి మీంచి జారే గాలి
ఎండి ఉంటుంది, ఆకలి మీద ఉంటుంది.
పడుతున్నదాన్ని పడుతుండగానే నాకేస్తుంది.
నీరైనా కాకుండా ఆవిరి.

సారు ఫోన్లో అన్నాడు:
"ఉపగ్రహం తప్పు చెప్పింది. ఎర్ర రంగు వేసెయ్."
వెయ్యబోయి ఆగాను.

చిట్యాల మండలాఫీసు వెనక, ముళ్లకంచె లోపల
వానకొలత డబ్బా ఉండేది.
రోజూ ఎనిమిదిన్నరకు ఓదెలు మామ తాళం తీసి
గాజు గొట్టం కంటి ఎత్తుకు పట్టి
నీటి వంపు అడుగున ఏ గీత ఉందో చదివేవాడు.
బడికి పోతూ నేనూ వంగేదాన్ని.

ఒక ఆషాఢం, పత్తి మొలకలు మాడుతున్న వారం,
ములుగు దిక్కు మబ్బుకు
బూడిద రంగు కుచ్చులు వేలాడాయి.
ఊరంతా చూసింది. మట్టి వాసన కూడా వచ్చిందన్నారు కొందరు.
పొద్దున డబ్బాలో దుమ్ము.
"పడ్డదని రాయరాదే ఓదెలూ, అందరం చూసినం గదా."
"చూసిండ్రు. డబ్బల లేదు."
"గట్లయితే మేం అబద్దమాడుతున్నమా?"
మామ చాలాసేపు కలం మూత కొరికాడు.
రిజిస్టరులో సిరాతో, సున్న చుక్క సున్న.
ఎవరూ చదవని అంచు ఖాళీలో, పెన్సిలుతో,
బయలుదేరింది.

నా పట్టికలో రెండే గళ్లు:
కలిసింది, కలవలేదు.
మూడోది తెరిచాను.
దానికో ఇంగ్లీషు పేరుంది, వ్యాసంలో అదే రాస్తాను,
నా ఫైల్లో మాత్రం మామ మాటే.
జులై పదకొండు అందులోకి పోయింది.
వెతికితే ఇంకో పద్దెనిమిది రోజులు
దాని వెనకే వచ్చి కూర్చున్నాయి.

సాయంత్రం సారు మళ్లీ చేశాడు.
"ఇంతకీ మొత్తం ఎంత పడ్డట్టు?"
"ఎక్కడికి సార్?" అన్నాను.
అటు కాసేపు ఏమీ వినపడలేదు.

లేచి కూలరులో ఒక బిందె పోశాను.
ఎంత పోశానో అడిగితే చెప్పలేను,
కొంత గడప మీద ఒలికింది,
గుడ్డ తెచ్చేలోపు
అక్కడ ఏమీ లేదు.